రాత్రి కొలిమిలోకి వెళ్ళిన ప్లేటు

1893 వేసవి. అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరానికి కొద్ది మైళ్ళ ఎగువన, మొనంగహీలా నది ఒడ్డున ఉన్న హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారంలో రాత్రి షిఫ్టు మొదలైంది. యుద్ధనౌకల కవచాలు తయారయ్యే విభాగంలో నౌకాదళం ఇన్‌స్పెక్టరు పగటి పని ముగించుకుని బసకు వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు అతను ఒక ముఖ్యమైన పని చేశాడు. ఒకే లాట్‌లో తయారైన ఉక్కు ప్లేట్లలోంచి ఒకదాన్ని ఎంచి, ఫిరంగి పరీక్షకు వెళ్ళేది ఇదేనని చెప్పాడు.

ఆ ప్లేటు కొన్నాళ్ళకు రైలెక్కి పొటోమాక్ నది ఒడ్డున ఇండియన్ హెడ్ అనే చోటికి చేరుతుంది. అక్కడ దాన్ని దిట్టమైన కలప దిమ్మెకు బిగించి, ఎదురుగా ఫిరంగి నిలిపి కొడతారు. తట్టుకుంటే ఆ లాట్‌లో మిగిలిన ప్లేట్లన్నీ పాసైనట్టే. అవి నేరుగా నౌకా నిర్మాణ కేంద్రాలకు వెళ్ళి యుద్ధనౌకల పక్కలకు ఎక్కుతాయి. ఈ ఒక్కటి పగిలిందా, లాట్ మొత్తం చిక్కులో పడుతుంది.

ఇన్‌స్పెక్టరు కనుమరుగయ్యాక క్రేను కదిలింది. గొలుసులు బిగుసుకున్నాయి. టన్నుల బరువున్న ఆ ప్లేటు పైకి లేచి మళ్ళీ కొలిమి వైపు సాగింది. మొదటిసారి దాన్ని ఎలా కాల్చారో అక్కడి వాళ్ళకు తెలుసు. ఈసారి మాత్రం ఎవరూ తొందరపడలేదు. లోపలి దాకా సమంగా కాగనిచ్చారు. చేయవలసిన తీరులో పదును పెట్టారు, చల్లార్చవలసిన తీరులో చల్లార్చారు. పని అయ్యాక ప్లేటు తన చోటికి తాను చేరింది. రిజిస్టరులో ఇలా రెండోసారి కాల్చడం గురించి ఒక్క అక్షరం పడలేదు.

ఆ రాత్రి క్రేను నడిపిన మనిషి ఎవరో, కొలిమి తలుపు ఎత్తిన చేయి ఎవరిదో నేను ఊహించి రాయను. అలాంటి రాత్రులు మాత్రం నిజం. పరీక్షకు ఎంచిన ప్లేట్లను ఇన్‌స్పెక్టర్లకు తెలియకుండా రాత్రిపూట మళ్ళీ కాల్చి బాగుచేశారని మరుసటి ఏడాది అమెరికా ప్రతినిధుల సభ కమిటీ విచారించి తేల్చింది. ఉక్కు చరిత్రలో నన్ను ఇంతగా కలవరపెట్టిన ఘట్టం మరొకటి లేదు. ఇక్కడ మోసం జరిగింది ఉక్కు తయారీలో కంటే ఎక్కువగా ఉక్కు మీద పెట్టిన నిఘాలో.

ఈ కథకు మూలం మూడేళ్ళ వెనక ఉంది. 1890 సెప్టెంబరులో అనాపొలిస్ దగ్గర అమెరికా నౌకాదళం మూడు ప్లేట్లను వరసగా నిలబెట్టి ఫిరంగులతో కొట్టింది. ఒకటి ఇంగ్లండులోని షెఫీల్డు నుంచి వచ్చిన కామెల్ కంపెనీది. మెత్తని ఇనుము వెనుక, గట్టి ఉక్కు ముందు పెట్టి అతికించిన రకం అది. మిగతా రెండూ ఫ్రాన్సులోని ష్నైడర్ కంపెనీవి: ఒకటి మామూలు ఉక్కు, రెండోది నికెల్ కలిపిన ఉక్కు. ముందు ఆరంగుళాల ఫిరంగితో మూలల్లో కొట్టారు. నాలుగు రోజుల తర్వాత ఎనిమిది అంగుళాల ఫిరంగితో నడిమధ్యన కొట్టారు. అతికిన ప్లేటు తునాతునకలైంది. మామూలు ఉక్కు ప్లేటు చీలింది. నికెల్ ప్లేటు గుండును మింగి కూడా పగుళ్ళు లేకుండా నిలిచింది.

ఇక్కడే న్యూజెర్సీకి చెందిన హేవర్డ్ అగస్టస్ హార్వీ అనే పెద్దాయన రంగంలోకి వచ్చాడు. జీవితంలో ఎక్కువ భాగం మరలు చేసే యంత్రాల మీద గడిపిన మనిషి. చవక ఉక్కుకు పైపైన కర్బనం ఎక్కించి పనిముట్ల ఉక్కు అంత గట్టిగా చేయాలన్నది ఆయన మొదటి ఆలోచన. అదే పద్ధతిని కవచాలకు వాడితే? ప్లేటు ముఖం మీద బొగ్గుపొడి దట్టంగా పరిచి, గాలి తగలకుండా మూసి, రెండు మూడు వారాల పాటు విపరీతమైన వేడిలో ఉంచుతారు. కర్బనం నెమ్మదిగా ఉక్కులోకి ఇంకుతుంది. ముఖం మీద సుమారు ఒక శాతం ఉంటుంది. లోపలికి పోయేకొద్దీ తగ్గుతూ, అంగుళం లోతుకు వచ్చేసరికి మామూలు స్థాయికి దిగుతుంది. తర్వాత ఆ ముఖాన్ని నీళ్ళ ధారలతో ఒక్కసారిగా చల్లారుస్తారు. కర్బనం ఎక్కిన పైపొర గాజును గీసేంత గట్టిపడుతుంది. వెనుక భాగం మెత్తగా, సాగే గుణంతో మిగులుతుంది. వచ్చిన గుండు మొన గట్టి ముఖానికి తగిలి చితుకుతుంది. ఆ దెబ్బ ఊపును వెనుకనున్న మెత్తని ఉక్కు తనలో ఇముడ్చుకుంటుంది. ఒకే లోహంలో రెండు స్వభావాలు, మధ్యలో అతుకు లేదు.

1893 నాటికి అన్ని ప్లేట్లకూ హార్వీ పద్ధతి రాలేదు. హోమ్‌స్టెడ్ నుంచి అప్పటికి వెళ్ళిన కవచాల్లో చాలావాటిని కాల్చి, నూనెలో ముంచి, మళ్ళీ మితమైన వేడిలో కాచి నెమ్మదిగా చల్లార్చేవారు. పద్ధతి ఏదైనా ప్రాణం ఒకటే: ఎంత వేడి, ఎంతసేపు, ఎంత వేగంగా చల్లారింది. సుమారు 700 డిగ్రీల సెంటీగ్రేడు దాటాక ఉక్కులో లోపలి అమరిక మారుతుంది. కర్బనం అందులో కరుగుతుంది. అక్కడి నుంచి హఠాత్తుగా చల్లారిస్తే కర్బనానికి బయటపడే వ్యవధి ఉండదు. అమరికలో చిక్కుకుపోయి ఉక్కును బిగుసుకునేలా చేస్తుంది. ఆ గట్టి అమరికకు మార్టెన్‌సైట్ అని ఫ్రెంచి శాస్త్రవేత్త ఆస్మాండ్ పేరు పెట్టింది 1895లో. అంటే హోమ్‌స్టెడ్ కార్మికులు చేతులతో చేస్తున్న పనికి సైన్సు అప్పటికింకా పేరు కూడా పెట్టలేదు.

మరొక సంగతి గుర్తుంచుకోవాలి. కాఠిన్యాన్ని అంకెల్లో చెప్పే బ్రినెల్ పరీక్ష లోకానికి పరిచయమైంది 1900లో. రాక్‌వెల్, వికర్స్ పరీక్షలు ఇంకా తర్వాతివి. 1893లో ఇన్‌స్పెక్టరు ప్లేటు పక్కన నిలబడి ఇది ఎంత గట్టిదని అడిగితే, జవాబు చెప్పే యంత్రం లేదు. కొలిమిలోని వేడిని చాలాచోట్ల రంగును బట్టే గుర్తుపట్టేవారు: ముదురు ఎరుపు, నారింజ, పసుపు. ఫ్రాన్సులో లె షాటెలియే 1880ల్లో చేసిన ప్లాటినం తీగల ఉష్ణమాపకం ఉంది గానీ, కొలిమి దగ్గర పనివాడి కన్ను దాని స్థానాన్ని ఇంకా వదులుకోలేదు. బాగా కాగిన ప్లేటూ సరిగ్గా కాగని ప్లేటూ చల్లారాక కంటికి ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలిసే దారులు మూడే. అందులోంచి ముక్క కోసి లాగి చూడటం, ఫిరంగితో కొట్టి చూడటం, కొలిమి దగ్గర రాసిన కాగితాన్ని నమ్మడం.

ఆ మూడు దారుల్లోనూ హోమ్‌స్టెడ్‌లో కన్నం పెట్టారు.

ఎందుకు? ఊరి సంగతి కొంత తెలియాలి. 1892 జులై 6న ఆ ఊళ్ళో యుద్ధం లాంటిదే జరిగింది. జీతాల ఒప్పందం దగ్గర యూనియన్‌కూ కంపెనీకీ చెడింది. కంపెనీ చైర్మన్ హెన్రీ క్లే ఫ్రిక్ మూడు వందల మంది పింకర్టన్ ప్రైవేటు సిపాయిలను పడవల్లో రప్పించాడు. నది ఒడ్డున తుపాకులు పేలాయి. ఇరువైపులా మనుషులు చనిపోయారు. ఆ నెలలోనే ఒక అరాచకవాది ఫ్రిక్ మీద కాల్పులు జరిపాడు, ఫ్రిక్ బతికాడు. రాష్ట్ర సైన్యం దిగింది. శీతాకాలం వచ్చేసరికి సమ్మె విరిగిపోయింది, యూనియన్ మట్టికొట్టుకుపోయింది. ఆ శరదృతువులో హోమ్‌స్టెడ్ సూపరింటెండెంటుగా చార్లెస్ ష్వాబ్ తిరిగి వచ్చాడు. వయసు ముప్పై. యజమాని ఆండ్రూ కార్నెగీకి అతని మీద అపారమైన నమ్మకం.

శాంతి గురించి తరచూ మాట్లాడే కార్నెగీ మొదట్లో యుద్ధ సామగ్రి చేయడానికి వెనుకాడాడు. తర్వాత, కవచం ఎవరినీ చంపదు, కాపాడుతుంది కదా అని మనసు సరిపెట్టుకున్నాడు. 1890 చివర్లో నౌకాదళంతో ఆరువేల టన్నుల కవచాలకు ఒప్పందం కుదిరింది. టన్ను ధర ఐదు వందల డాలర్ల పైమాట, అంటే రైలు పట్టాల ధరకు ఎన్నో రెట్లు. 1893లో దేశమంతా ఆర్థిక సంక్షోభంలో కూరుకుపోయి పట్టాల ఆర్డర్లు పడిపోయినప్పుడు కవచాల పని ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు. అటు నౌకాదళం సరుకు ఆలస్యమవుతోందని తొందరపెడుతోంది. పన్నెండు గంటల షిఫ్టులు. సమ్మె తర్వాత వచ్చిన కొత్త చేతులు ఎన్నో. నికెల్ ఉక్కు దళసరి ప్లేటు కొత్త పని, మొండి పని.

కొలిమికి తొందర తెలియదు. అంగుళాల దళసరి ప్లేటు నడిమధ్యకు వేడి చేరాలంటే దానికి పట్టే సమయం పట్టే తీరుతుంది. ఆ సమయం ఇవ్వకుండా, ఇచ్చినట్టు రాయడం దగ్గర మోసం పుట్టింది.

కమిటీ నివేదికలో ఉన్న ఆరోపణలను ఒక్కొక్కటీ చదువుతుంటే, వాటి వెనుక ఉన్న పనితనం చూసి మనసు చివుక్కుమంటుంది. ఉక్కు గురించి బాగా తెలిసినవాడు తప్ప ఇలా మోసం చేయలేడు. ప్లేట్లను ఎలా కాల్చారో, ఎలా చల్లార్చారో తెలిపే నివేదికలు ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లకు వరసగా అబద్ధపువి వెళ్ళాయి. ఇన్‌స్పెక్టరు ఎంచిన శాంపిల్ ముక్క స్థానంలో వేరే ప్లేటు నుంచి తీసిన మంచి ముక్క వెళ్ళింది.

కొన్ని ముక్కలను పరీక్షకు ముందే రహస్యంగా లాగి ఉంచారు. చల్లని ఉక్కును ఒకసారి సాగదీస్తే అది బిగుస్తుంది. తర్వాత పరీక్ష యంత్రం దాన్ని లాగినప్పుడు ఉన్న బలం కంటే ఎక్కువ బలం చూపిస్తుంది. మరికొన్నిటికి సరిగ్గా దీనికి ఎదురు పని చేశారు. తెగే ముందు ఉక్కు ఎంత సాగుతుందో కూడా పరీక్షలో చూస్తారు. ముక్కను ముందే కొట్టి పొడవు తగ్గించి పెడితే, లాగినప్పుడు ఆ తగ్గించిన పొడవు కూడా సాగుడు కిందే లెక్కకు వస్తుంది. పెళుసు ఉక్కు సాగే ఉక్కులా కనిపిస్తుంది. కర్మాగారం మనుషులకు ఈ పనికి ఒక పేరే ఉండేది. పేరు పెట్టుకునేంత మామూలు పనైందన్నమాట. ఇవేవీ చాలనప్పుడు పరీక్ష యంత్రమే ఎక్కువ లెక్క చూపేలా దాన్ని సర్దారు. పోతపోసినప్పుడు వాయువు చిక్కి ఏర్పడ్డ గుల్లలు ప్లేట్లలో బయటపడితే, ఇన్‌స్పెక్టరు కంటపడకుండా వాటిలో బిరడాలు దిగగొట్టి పైన నున్నగా చేశారు. ఫిరంగి గుండు తగిలినప్పుడు పగులు పుట్టడానికి గుల్లకు మించిన చోటు లేదు.

వీటన్నిటిలోకీ నన్ను ఎక్కువగా పట్టి నిలిపేది రాత్రిపూట మళ్ళీ కాల్చడమే. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలని మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. ఆ నమ్మకం నిలిచేది కుండలోని మెతుకులన్నీ ఒకే మంట మీద ఉడికినప్పుడే. హోమ్‌స్టెడ్‌లో పట్టి చూడబోయే ఆ మెతుకును తీసి విడిగా ఉడికించి మళ్ళీ కుండలో పెట్టారు. ఇండియన్ హెడ్‌లో ఫిరంగి నిజాయితీగానే పేలింది, ప్లేటు నిజాయితీగానే నిలిచింది. లాట్‌లోని మిగతా ప్లేట్ల గురించి మాత్రం ఆ దెబ్బ ఏమీ చెప్పలేదు.

ఈ సంగతి ఎలా బయటపడింది? కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళ వల్లే. ప్లేటు ఏ గంటకు లోపలికి వెళ్ళి ఏ గంటకు బయటికి వచ్చిందో వాళ్ళ చేతులకు తెలుసు. కాగితం మీద ఏం రాశారో కూడా కొందరు చూశారు. రెండూ పొసగలేదు. 1893 సెప్టెంబరులో అలాంటి నలుగురి తరఫున జేమ్స్ స్మిత్ అనే పిట్స్‌బర్గ్ వకీలు వాషింగ్టన్ వెళ్ళి నౌకాదళ మంత్రి హిలరీ హెర్బర్ట్‌ను కలిశాడు. ఆధారాలు చూపిస్తామన్నారు. ప్రభుత్వం కంపెనీ నుంచి వసూలు చేసే జరిమానాలో నాలుగో వంతు తమకు ఇవ్వాలన్నారు.

ఈ బేరం విని ముఖం చిట్లించినవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉంటారు. డబ్బు కోసం పెట్టిన ఫిర్యాదుకు విలువేముందన్నది కంపెనీ వాదనలో పెద్ద భాగం. నేను ఆ పక్షాన నిలబడలేను. సమ్మె ఓడిపోయి ఏడాది తిరగని ఊరది. యూనియన్‌లో ఉన్నవాళ్ళ పేర్లు నల్ల జాబితాలకెక్కి పనికోసం ఊరూరా తిరుగుతున్న కాలమది. అలాంటి చోట యజమాని మీద నోరు విప్పినవాడికి ఆ లోయలో మళ్ళీ కూలి దొరుకుతుందన్న ఆశ ఉండదు. బతకడానికి ఆసరా అడగడం తప్పెలా అవుతుంది? వాళ్ళు డబ్బు అడిగారు, నిజం కూడా చెప్పారు. అసలు తేల్చవలసింది రెండో మాటను.

హెర్బర్ట్ అలబామా మనిషి. అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన కల్నల్‌గా పోరాడినవాడు. మంత్రి కాకముందు ప్రతినిధుల సభలో నౌకాదళ వ్యవహారాల కమిటీకి అధ్యక్షత వహించాడు గనక కవచాల సంగతి అతనికి కొత్త కాదు. విషయాన్ని ఆయుధ విభాగం అధిపతి కెప్టెన్ విలియం శాంప్సన్‌కు అప్పగించాడు. మాట తక్కువ, లెక్క ఎక్కువ అన్న తరహా అధికారి శాంప్సన్. కార్మికుల మాటలనూ హోమ్‌స్టెడ్ కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఆరోపణల్లో చాలా భాగం నిజమని నమ్మాడు.

ఫ్రిక్ వాషింగ్టన్ వచ్చి వాదించాడు. ష్వాబ్ వచ్చి వాదించాడు. వాళ్ళ మాటల సారం ఇది: కాగితాల్లో లోపాలు ఉండొచ్చు, ప్లేట్లలో లోపం లేదు. ప్రభుత్వ నిబంధనలు కొన్ని అనవసరమైనవి, ఉక్కు చేసేవాళ్ళకు ఇన్‌స్పెక్టర్ల కంటే ఉక్కు బాగా తెలుసు.

ఈ వాదనను తేలిగ్గా తోసేయకూడదు. ఫ్యాక్టరీల్లో పనిచేసిన ఎవరిని అడిగినా, నిబంధన ఒకటి, పని నడిచే తీరు మరొకటి అని ఎప్పుడో ఒకప్పుడు అనుకున్నవాళ్ళే. నిబంధన తప్పైతే దాన్ని మార్చమని అడగడానికి దారి ఉంది. హోమ్‌స్టెడ్‌లో ఆ దారి తొక్కలేదు. ప్లేట్లన్నీ అంత మంచివే అయితే పరీక్షకు వెళ్ళేదాన్ని రాత్రిపూట మళ్ళీ ఎందుకు కాల్చవలసి వచ్చిందన్న ప్రశ్నకు వాళ్ళ దగ్గర ఒప్పించే జవాబు లేదు.

కంపెనీ సరఫరా చేసిన కవచాల విలువలో 15 శాతం జరిమానాగా వేయాలని నౌకాదళం లెక్కగట్టింది. కార్నెగీ స్వయంగా అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్‌కు ఉత్తరం రాశాడు. 1894 జనవరిలో క్లీవ్‌లాండ్ దాన్ని 10 శాతానికి తగ్గించాడు. అది కూడా 1892 నవంబరు నుంచి 1893 సెప్టెంబరు మధ్య వెళ్ళిన సరుకు మీదే. సుమారు 1,40,000 డాలర్లు. కంపెనీ కట్టేసింది. అందులో నాలుగో వంతు ఆ నలుగురికీ వాళ్ళ వకీలుకూ వెళ్ళింది.

సంగతి అక్కడితో మూతపడేదే. కానీ 1894 వసంతంలో పత్రికలకెక్కింది. ప్రతినిధుల సభ నౌకాదళ వ్యవహారాల కమిటీ విచారణ మొదలుపెట్టింది. దాని అధ్యక్షుడు న్యూయార్క్ సభ్యుడు ఏమస్ కమింగ్స్, పూర్వాశ్రమంలో పత్రికా సంపాదకుడు. అడగవలసిన ప్రశ్న ఎలా అడగాలో తెలిసినవాడు. కార్మికులు వచ్చి చెప్పారు, ఇన్‌స్పెక్టర్లు వచ్చి చెప్పారు, ష్వాబ్‌తో పాటు కవచాల విభాగం సూపరింటెండెంట్లు కోరీ, క్లైన్ వచ్చి చెప్పారు.

ఆ ఆగస్టులో వచ్చిన నివేదిక మెత్తగా లేదు. మోసాలు జరిగాయంది. ఇలాంటి తప్పుకు ఎంత జరిమానా వేసినా సరిపోదంది, నీతిపరంగా ఇది ఘోరమైన నేరమంది. ఆ ముగ్గురు సూపరింటెండెంట్ల మాట నమ్మదగింది కాదని కుండబద్దలు కొట్టింది. నావికుల ప్రాణాలు, దేశ గౌరవం ఆ ప్లేట్ల మీద ఆధారపడి ఉన్నాయన్న బాధ ఆ కాగితాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది.

నావికుడి వైపు నుంచి ఒక్క క్షణం ఆలోచించండి. ప్లేటు వెనుక, నౌక కడుపులో బాయిలరుకు బొగ్గు వేసే కుర్రాడు ఉంటాడు. బయట ఏం జరుగుతోందో అతనికి కనపడదు. తనకూ గుండుకూ మధ్య ఉన్న ఉక్కు ఎంతసేపు కాగిందో అతను ఎప్పటికీ తెలుసుకోలేడు. అతని తరఫున తెలుసుకోవలసిన మనిషి కొలిమి పక్కన నిలబడ్డ ఇన్‌స్పెక్టరు ఒక్కడే. ఇరవై నాలుగు గంటలూ మండే కొలిమికి పగటిపూట కాపలా పెట్టి, రాత్రికి కాగితాన్ని నమ్మమన్న ఏర్పాటుది కూడా ఇందులో తప్పుందని నా అభిప్రాయం.

ఆ లోటును పూడ్చడానికే తర్వాతి తరాలు కష్టపడ్డాయి. ఇవాళ హైదరాబాద్ బాలానగర్‌లో గానీ విజయవాడ ఆటోనగర్‌లో గానీ ఒక గేరును పైపొర గట్టిపరచడానికి హీట్ ట్రీట్‌మెంట్‌కు ఇస్తే, కర్బనం ఎక్కించే కొలిమిలో 900 డిగ్రీల పైచిలుకు వేడిని థర్మోకపుల్ అనే ఉష్ణమాపకం అనుక్షణం చూస్తుంటుంది. కొలిమి వాయువులో కర్బనం ఎంతుందో ఆక్సిజన్ ప్రోబ్ చెబుతుంది. వేడి గీత చార్టు మీద తనంతట తానే పడుతుంది, మనిషి చేత్తో రాసే పని లేదు. గేర్లతో పాటు అదే ఉక్కు ముక్క ఒకటి లోపలికి వెళ్తుంది. బయటికి వచ్చాక దాన్ని అడ్డంగా కోసి, నునుపు చేసి, అంచు నుంచి లోపలికి మిల్లీమీటరులో పదో వంతు చొప్పున జరుపుతూ చిన్న వజ్రపు మొనతో నొక్కి చూస్తారు. కాఠిన్యం 550 వికర్స్‌కు దిగే చోటే గట్టి పొర లోతు. గేరు పంటి ముఖం మీద 58 నుంచి 62 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ సి కొలత) రావాలంటే వచ్చిందో లేదో నిమిషంలో తెలుస్తుంది. హోమ్‌స్టెడ్ ఇన్‌స్పెక్టరుకు వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కథ వేరేలా ఉండేది.

అయినా ఆ పాత కన్నం పూర్తిగా మూసుకుపోలేదు. శాంపిల్ ముక్కను కొలిమిలో వేడి సమంగా ఉండే మంచి చోట వేలాడదీసి, గేర్లను మూలకు నెడితే? ముక్క పాసవుతుంది, మూలనున్న గేరు మెత్తగా మిగులుతుంది. అందుకే విమాన భాగాల పనిలో ఏఎంఎస్ 2750 లాంటి ప్రమాణాలు కొలిమి మూలమూలనా వేడిని నిర్ణీత కాలానికోసారి కొలవాలని పట్టుబడతాయి. థర్మోకపుల్ చెప్పే అంకె నిజమో కాదో మరో థర్మోకపుల్‌తో సరిచూడాలంటాయి. బయటినుంచి చూసేవాళ్ళకు ఇది చాదస్తంగా తోస్తుంది. కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళు దయచేసి దీన్ని చాదస్తం అనుకోవద్దు. సరిగా కాగని గేరును బిగించుకుని ఘాట్ రోడ్డు దిగే లారీ డ్రైవరుకు ఆ చార్టు చూసే అవకాశం ఎన్నడూ రాదు.

హోమ్‌స్టెడ్ మనుషులు తర్వాత ఏమయ్యారు? ఎవరూ జైలుకు వెళ్ళలేదు. కమిటీ అంత మాట అన్న ష్వాబ్ 1897లో కార్నెగీ స్టీల్ అధ్యక్షుడయ్యాడు. 1901లో ప్రపంచంలోకెల్లా పెద్ద కంపెనీగా పుట్టిన యూఎస్ స్టీల్‌కు మొదటి అధ్యక్షుడూ అతనే. 1903లో అతని తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది కవచాల విభాగంలో అతని కింద పనిచేసిన విలియం కోరీ. పదును పద్ధతి కనిపెట్టిన హార్వీ ఈ గొడవ బయటపడే వేళకే, 1893లో కన్నుమూశాడు.

కెప్టెన్ శాంప్సన్ మాత్రం 1897లో ఉక్కు కాగితాలను వదిలి సముద్రం మీదికి వచ్చాడు. 1898లో స్పెయిన్‌తో యుద్ధం వచ్చినప్పుడు ఉత్తర అట్లాంటిక్ నౌకాదళానికి అధిపతి అతనే. 1890ల మొదట్లో కట్టిన యుద్ధనౌకల తరం అతని చేతికింద ఉంది. క్యూబాలోని శాంటియాగో రేవు ముందు జులై 3న జరిగిన పోరులో స్పెయిన్ నౌకలన్నీ తగలబడ్డాయి లేదా ఒడ్డుకెక్కాయి. అమెరికా వైపు చనిపోయింది ఒక్కరు. స్పెయిన్ ఫిరంగుల గుండ్లలో చాలా భాగం గురి తప్పాయి, తగిలినవి పెద్ద నష్టం చేయలేదు. అందువల్ల, రాత్రిపూట మళ్ళీ కాగినవి పోగా ఆ లాట్లలో మిగిలిన ప్లేట్లు అసలు దెబ్బకు నిలిచేవో లేదో ఆ యుద్ధంలోనూ తేలలేదు.